ముగ్గురు పిల్లల్నీ మూడిళ్లకు పంచకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. కన్నవాళ్లు లేని పిల్లలు, ఉన్నా చూసుకునే స్థితిలో లేని పిల్లలు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఒకచోట పెరగడం ఎలా అన్నది. మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ పేజీలు వీటికే ఇస్తున్నాను. గుంటూరులో, ఆదరణ లేని పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే బాలల సంక్షేమ సమితి సభ్యురాలిగా ఒక పదవీకాలం పనిచేశాను. ఇలాంటి పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడినదాన్ని కాబట్టి, జవాబులు కాస్త పొడుగ్గానే ఉంటాయి.

పిల్లల పేర్లు, బడి పేర్లు తీసేశాను. సంరక్షణ అవసరమైన పిల్లలు ఫలానా అని గుర్తుపట్టేలా పత్రికలో వేయడం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఉత్తరంతో పాటు ఫొటోలు పంపినవాళ్లకు అవి తిరిగి పోస్టు చేశాం. దయచేసి వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టకండి.

ప్రశ్న: అమ్మగారూ, నమస్కారం. మా తమ్ముడు మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా పని చేసేవాడు. పోయిన నెల పక్షవాతం వచ్చి పెద్దాసుపత్రిలో కన్నుమూశాడు. మా మరదలు రెండేళ్ల కిందటే కామెర్లతో పోయింది. ముగ్గురు పిల్లలండీ. పన్నెండేళ్ల ఆడపిల్ల, తొమ్మిదేళ్ల మగపిల్లాడు, ఐదేళ్ల చిన్నది. పెద్దకర్మ అయిన రోజు పెద్దాళ్లంతా కూర్చుని మాట్లాడుకున్నారు. పెద్దదాన్ని హాస్టల్లో వేద్దామని, పిల్లాణ్ణి నరసరావుపేటలో వాళ్ల మేనమామ తీసుకెళ్లాలని, చిన్నదాన్ని హైదరాబాదులో ఉన్న మా పెదనాన్న కొడుక్కి దత్తత ఇవ్వాలని అనుకున్నారు. ఆయనకు పిల్లల్లేరు. స్టాంపు పేపర్లు కూడా తెచ్చారు. నాకు మాత్రం ముగ్గుర్నీ నా దగ్గరే ఉంచుకోవాలనుంది. మాది సంగడిగుంటలో రెండు గదుల అద్దిల్లు. మా ఆయన టిఫిన్ బండి నడుపుతాడు. మాకో కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు. "నువ్వు ముగ్గుర్ని సాకగలవా, తలొకరు ఒకర్ని తీసుకుంటే ఎవరికీ బరువుండదు గదా" అంటున్నారు. నాది మొండితనమాండీ? ఫోస్టర్ కేర్ అని గవర్నమెంటు డబ్బులిస్తుందని పక్కింటావిడ చెప్పింది, నిజమేనా? మరదలి పేరు మీద సెంటు స్థలం పట్టా ఉంది, దాన్నీ అమ్మేసి ముగ్గురి పేరున డబ్బు వేద్దామంటున్నారు. — ఒక మేనత్త, గుంటూరు

జవాబు: అమ్మా, మీది మొండితనం కాదు. ఆ పిల్లలకు మీరు కోరుకుంటున్నదే న్యాయం.

పెద్దకర్మ నాడు కూర్చున్నవాళ్లు చెడ్డవాళ్లని నేననను. మాకొద్దంటే మాకొద్దని పిల్లల్ని తోసేసుకున్న బంధువుల్ని చూశాను. తలొకరు ముందుకొచ్చారంటే అది విలువైనదే. కాకపోతే ఆ రోజు బిందెలూ మంచాలూ పంచుకున్నట్టే పిల్లల్నీ పంచేశారు. పిల్లలు ఏమన్నారో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఎవరూ అడిగి ఉండరు.

ముందు ఆ పని చేయండి. ఇంట్లో చుట్టాలెవరూ లేనప్పుడు పెద్దమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. పిల్లాణ్ణి విడిగా అడగండి. ఐదేళ్లదానికి దత్తత అంటే ఏం తెలుస్తుంది? "రాత్రిపూట ఎవరి పక్కన పడుకుంటావు" అంటే మాత్రం చక్కగా చెబుతుంది. పిల్లల గురించి ఏ నిర్ణయం తీసుకున్నా వాళ్ల వయసుకు, తెలివికి తగ్గట్టు వాళ్ల మాట వినాలన్నది చట్టం 3వ సెక్షన్‌లో రాసిన మూలసూత్రాల్లో ఒకటి. అందుకే దీన్ని సలహాగా కాక, తప్పనిసరిగా చేయాల్సిన పనిగా చెబుతున్నాను.

సమితిలో ఉండగా ఒకసారి ఇలాంటి పిల్లల్నే తీసుకొచ్చారు. సోషల్ వర్కర్ వివరాలు రాసుకుంటూ "చిన్నవాడికి ఏదైనా పడదా?" అని అడిగింది. అటు బాబాయి, ఇటు అమ్మమ్మ, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బల్ల చివర నిలబడ్డ అక్క, పదేళ్లుంటాయేమో, గోడకేసి చూస్తూనే చెప్పింది: "వేరుశెనక్కాయలు పడవు. తింటే పెదాలు వాస్తాయి. కరెంటు పోతే ఏడుస్తాడు. వీపు మీద రాస్తే ఊరుకుంటాడు." వాళ్లమ్మ పోయాక ఆ ఇంట్లో ఆ సంగతులు తెలిసిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. తమ్ముణ్ణి ఆమె దగ్గర్నుంచి తీసేస్తే, వాడి గురించి తెలిసినదంతా వాడికి దూరం చేసినట్టే. తల్లీ తండ్రీ పోయిన పిల్లలకు పాత ఇంటిలో మిగిలింది తోబుట్టువులే. అమ్మ చేసే పచ్చిపులుసు రుచి, నాన్న యార్డు నుంచి రాగానే వచ్చే మిరపకాయ ఘాటు, ఇవన్నీ కలిసి గుర్తు చేసుకోవడానికి ఇంకెవరున్నారు వాళ్లకు?

చట్టం కూడా ఈ మాటే అంటుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షన్, మూడో ఉపసెక్షన్: ఫోస్టర్ కేర్‌లో, అంటే దత్తత కాకుండా పెంపుడు కుటుంబాల్లో ఉంచేటప్పుడు తోబుట్టువుల్ని కలిపి ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలి, కలిపి ఉంచడం వాళ్ల మేలుకు విరుద్ధమైతే తప్ప. ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది. ప్రభుత్వం చూపించే పరాయి కుటుంబంలో పెట్టేటప్పుడే ఇంత జాగ్రత్త పడాలని రాసినప్పుడు, సొంత మేనత్త ఇంట్లో జాగా ఉన్న పిల్లల్ని మూడూళ్లకు పంపడమేమిటి?

ఇప్పుడు హైదరాబాదు సంగతి. ఇది అన్నిటికన్నా తొందరగా ఆపాల్సింది. స్టాంపు పేపరు మీద సంతకాలు పెడితే దత్తత అయిపోదమ్మా. హిందూ దత్తత చట్టం 1956లోది. దాని 9వ సెక్షన్ ప్రకారం తల్లీ తండ్రీ ఇద్దరూ లేనప్పుడు బిడ్డను దత్తత ఇవ్వాలంటే సంరక్షకులు ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. అది బిడ్డ మేలుకేనా, డబ్బు చేతులు మారిందా అన్నది కోర్టు చూస్తుంది, బిడ్డ ఇష్టం కూడా పరిగణిస్తుంది. ఆ పేపరు మీద మీరుగానీ మీ ఆయనగానీ సంతకం పెట్టొద్దు. ఇంకొకటుంది, దీన్ని పెద్దవాళ్లకు చదివి వినిపించండి. అదే చట్టం 12వ సెక్షన్: దత్తత జరిగిన రోజు నుంచి పుట్టింటితో ఆ బిడ్డ బంధాలన్నీ తెగిపోయినట్టు లెక్క. అంటే చిన్నది చట్టం దృష్టిలో మీ తమ్ముడి కూతురు కాదు, పెద్దమ్మాయికి చెల్లెలూ కాదు. ఆ దంపతులకు బిడ్డ మీద ఆశ ఉండటం సహజం, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. దత్తతకు ప్రభుత్వ దారి వేరే ఉంది, దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు. అక్కా అన్నా ఉన్న ఈ చిన్నదాన్ని మాత్రం అడగొద్దని చెప్పండి.

హాస్టల్ విషయంలో నేను గుడ్డిగా వద్దనను. గురుకులాల్లో, కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో చదువుకుని పైకొచ్చిన ఆడపిల్లలెందరో ఉన్నారు. కానీ తండ్రి పోయిన నెలకే పెట్టె సర్ది పంపడం వద్దు. నాన్న పోయాడు, దాంతో ఇల్లూ పోయింది, తమ్ముడూ చెల్లీ పోయారు అన్నట్టు అవుతుంది ఆ పిల్లకు. ఏడాది గడవనివ్వండి. అప్పటికి తనే వెళ్తానంటే, సెలవుల్లో ఈ ఇంటికే వస్తుందన్న భరోసాతో పంపండి.

డబ్బు దగ్గరకొస్తే, పక్కింటావిడ చెప్పింది సగం నిజం. ఫోస్టర్ కేర్ సాధారణంగా పిల్లల్ని వేరే కుటుంబంలో పెట్టినప్పటి మాట. బంధువుల ఇంట్లో ఉంటున్న అనాథ పిల్లలకు వర్తించేది 45వ సెక్షన్ కింద స్పాన్సర్‌షిప్. మిషన్ వాత్సల్య పథకంలో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు, కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. ముగ్గురికీ వేర్వేరుగా దరఖాస్తు పెట్టండి. ఒకింట్లో ఉన్నారు కదా అని ఒక్కరి పేరే రాసి ఊరుకోవద్దు. కుటుంబ ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000. గుంటూరు నగరం కాబట్టి మీకు రెండోది. నెలకు ఎనిమిది వేలన్నమాట. బండి మీద సరుకులూ గ్యాసూ పోను ఎంత మిగులుతుందో నిజాయితీగా లెక్క రాసుకుని వార్డు సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రం అడగండి. దాంతో పాటు తమ్ముడిదీ మరదలిదీ మరణ ధ్రువపత్రాలు, పిల్లల ఆధార్లు, పుట్టినతేదీ పత్రాలు, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, రేషన్ కార్డు నకలు, పిల్లల పేరుతో బ్యాంకు ఖాతా. ఇవన్నీ ఒక సంచిలో వేసుకుని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లండి. డీసీపీయూ అంటే ఎవరైనా చెబుతారు. దారి తెలియకపోతే అంగన్‌వాడీ టీచర్నో సచివాలయంలో మహిళా పోలీసునో పట్టుకోండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా చెబుతారు. ఒక మాట: ఈ డబ్బు మంజూరై చేతికొచ్చేదాకా దీన్ని నమ్ముకుని అప్పు చేయొద్దు.

అక్కడే ఇంకో లాభం ఉంది. సమితి ముందు ముగ్గుర్నీ ఒకే రోజు హాజరుపరిచి, ముగ్గురి విషయం కలిపి చూడమని అడగండి. మీ దగ్గర ఉంటున్నట్టు కాగితం మీదికి వస్తే రేపు ఎవరో వచ్చి ఒకర్ని తీసుకెళ్తామన్నా మీకు ఆధారం ఉంటుంది. మీ పెద్దవాళ్లు అనుకున్నట్టు పంచితే ఏమవుతుందో చూడండి. 2022లో జిల్లాలు విడిపోయాక నరసరావుపేట పల్నాడు జిల్లాకు వెళ్లిపోయింది. పిల్లాడి ఫైలు అక్కడ, పెద్దదానిది గుంటూరులో, చిన్నది ఏకంగా వేరే రాష్ట్రంలో. ముగ్గురి మంచిచెడూ కలిపి చూసే ఆఫీసే ఉండదు.

స్థలం అమ్మొద్దు. అది పిల్లల ఆస్తి. మైనర్ల ఆస్తిని కేవలం దగ్గరుంచుకుని పెంచుతున్నవాళ్లు అమ్మడానికి వీల్లేదని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. పట్టా కాగితం లామినేషన్ చేయించి బీరువాలో పెట్టండి. అవసరమైతే గార్డియన్‌గా నియమించమని జిల్లా కోర్టులో పిటిషన్ వేయొచ్చు. లాయరు ఖర్చుకు భయపడకండి, కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, పిల్లలకు అక్కడ ఉచితంగా సాయం చేస్తారు.

ఇక బంధువులకు ఏం చెప్పాలి? పిల్లల్ని కాదు, ఖర్చూ పనీ పంచుకోమనండి. మేనమామ పిల్లాడి పుస్తకాలూ బట్టలూ చూసుకోవచ్చు, సంక్రాంతికి ముగ్గుర్నీ నరసరావుపేటకు తీసుకెళ్లొచ్చు. హైదరాబాదు వాళ్లు మీ అద్దెలో పెరిగే భాగం భరిస్తే ఇంకో గది ఉన్న ఇంటికి మారొచ్చు. వేసవిలో పిల్లల్ని అక్కడికి పిలిపించుకుంటే ఆ ఇల్లూ నిండుతుంది. ఎవరెంత ఇస్తారో అందరి ముందు ఒక కాగితం మీద రాయించండి. పెద్దకర్మ నాడు నోటితో అన్నది సంవత్సరీకానికి గుర్తుండదు.

మీ ఆయన్నీ మీ అబ్బాయినీ కూడా అడగండి. మీ ఉత్తరంలో వాళ్ల మాట కూడా లేదు. ఇంటర్ పిల్లాడికి చదువుకునే మూల ఒకటి పోతుంది, అది చిన్న విషయం కాదు. ఆడపిల్లలిద్దరూ మీతో ఒక గదిలో, మగవాళ్లు ఇంకో గదిలో అని మొదటి రోజే తేల్చుకోండి. పెద్దమ్మాయి మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి. తల్లి పోయిన రెండేళ్లలో ఆ పిల్ల ఇంటికి ఇల్లాలైపోయి ఉంటుంది. తెల్లారి లేచి ముగ్గురి టిఫిన్ డబ్బాలూ సర్దుతుంది. మెచ్చుకోండి, కానీ ఆ పని మీరు చేతుల్లోకి తీసుకోండి. చెల్లెలికి జడ వేయనివ్వండి, బడి మానేసి చెల్లెల్ని చూసుకోవడం మాత్రం ఒక్కరోజు కూడా వద్దు.

ప్రశ్న: నాకు 50, మా ఆవిడకు 46. పటమటలో సొంత డాబా. ఒక్కతే అమ్మాయి, పెళ్లై అమెరికా వెళ్లింది. ఇంట్లో పిల్లల సందడి లేక ఫోస్టర్ కేర్‌లో ఒక ఆడపిల్లను తీసుకుందామని దరఖాస్తు చేశాం. ఎనిమిదేళ్ల అమ్మాయి ఉందన్నారు. అయితే పదకొండేళ్ల అన్న వేరే హోంలో ఉన్నాడట, ఇద్దర్నీ తీసుకోగలరా అని అడిగారు. మగపిల్లాడంటే మా ఆవిడ జంకుతోంది. అమ్మాయిని మాత్రమే తీసుకుంటే తప్పా? — విజయవాడ పాఠకుడు

జవాబు: సార్, ఒక్క బిడ్డనే పెంచగలం అనుకోవడం తప్పు కాదు. అలాగైతే తోబుట్టువులు లేని బిడ్డ కోసం ఆగండి. అన్న ఉన్న పిల్లను ఒక్కదాన్నీ తెచ్చుకోవద్దు. నా అభిప్రాయం ఇంతే, మెత్తగా చెప్పడం చేతకావడం లేదు.

ఆ ఇద్దరూ ఇప్పటికే వేర్వేరు హోంలలో ఎందుకున్నారో తెలుసా? వాళ్లకు పడక కాదు. ప్రభుత్వ హోంలు ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు, ఆరేళ్లలోపు పసివాళ్లకు శిశుగృహం వేరు. అన్నాచెల్లెలు ఒకే చూరు కింద ఉండే అవకాశం వాళ్లకు కుటుంబంలోనే దొరుకుతుంది. అంటే మీలాంటి ఇంట్లోనే. డీసీపీయూ వాళ్లు మిమ్మల్ని అడిగింది అందుకే. అది వాళ్ల బాధ్యత కూడా, పైన చెప్పిన 44వ సెక్షన్ ప్రకారం.

మీ ఆవిడ జంకు గురించి. ఆమెను ఊహించుకుని భయపడనివ్వకండి, పిల్లాణ్ణి చూపించండి. ఇద్దర్నీ ఒకచోటికి తెప్పించి ఒక పూట గడిపే ఏర్పాటు చేయమని అడగండి. ఏం మాట్లాడాలో తోచకపోతే క్యారమ్ బోర్డు పట్టుకెళ్లండి. మొదట్లో మీరు అమ్మాయిని ఏదడిగినా అన్న మొహం చూసి జవాబు చెబుతుంది. వాడు తలూపితేనే ఇడ్లీ తింటుంది. కొందరికి ఇది చిరాకు తెప్పిస్తుంది, "మేమేమన్నా పులులమా" అంటారు. మీరలా అనుకోకండి. కొత్త ఇల్లు క్షేమమైనదా కాదా అని వాడు ముందు చూసి ఆమెకు చెబుతున్నాడు. వాడికి నమ్మకం కుదిరిన రోజున ఆమె నిద్ర కూడా కుదురుతుంది. ఒక్కదాన్నే తెచ్చుకుంటే ఆ పని ఎవరూ చేయరు, రాత్రుళ్లు మీరే లేచి కూర్చుంటారు. కొట్టుకుంటారా? తప్పకుండా కొట్టుకుంటారు, రిమోట్ కోసమూ, కిటికీ పక్క సీటు కోసమూ. అదంతా మామూలే. దిండు కింద బిస్కెట్లు దాచుకోవడం, పక్క తడపడం కూడా కొన్నాళ్లుంటాయి. తిట్టకండి.

ఫోస్టర్ కేర్ దత్తత కాదన్నది ఇద్దరూ మనసుకు పట్టించుకోవాలి. ఆ పిల్లల తల్లో తండ్రో ఉండి, చూసుకోలేని స్థితి అయితే, వాళ్లు వచ్చి పిల్లల్ని చూసి వెళ్లొచ్చు. వాళ్లు కోలుకున్నారని సమితి నిర్ణయిస్తే పిల్లలు తిరిగి వెళ్తారు. సమితి నెలనెలా మీ ఇంటికి తనిఖీకి వస్తుంది. అది అనుమానం కాదు, చట్టంలో ఉన్న పని. చదువు, వైద్యం, తిండి మీ బాధ్యత, ఒక్కో బిడ్డకు నెలకు 4,000 సాయం ఉంటుంది. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, చట్టరీత్యా దత్తతకు అర్హులైన పిల్లలైతే రెండేళ్లు పెంచాక దత్తత తీసుకునే వీలుంది. అంతకుముందు అది ఐదేళ్లు. ఇక్కడే మీరు అమ్మాయిని మాత్రమే తెచ్చుకోవడం మరింత ప్రమాదం. రెండేళ్లకు ఆమె మీ కూతురవుతుంది, వాడు ఆమెకు చట్టరీత్యా ఎవరూ కాడు.

ఇద్దర్నీ ఒకే బడిలో వేయండి. పటమటలో బళ్లకు కొదవ లేదు, ఫీజు కన్నా ముందు ఇద్దరి తరగతులూ ఒకే ఆవరణలో ఉన్నాయా అని చూడండి. తల్లిదండ్రుల వివరాలు రాసే చోట ఏం రాయాలో డీసీపీయూ వాళ్లను అడిగి వెళ్తే, పిల్లలు ఆఫీసు గుమ్మంలో నిలబడి వినాల్సిన పని ఉండదు.

ఏ కారణం చేతనో ఆ పిల్లల్ని వేర్వేరు ఇళ్లలోనే ఉంచాల్సి వస్తే, ఇది ఆ రెండో ఇంటివాళ్లు కూడా చదవాలని రాస్తున్నాను, కలుసుకోవడం మాటగా వదిలేయకండి. వారంలో ఏ రోజు, ఎవరింట్లో, ఫోన్ ఎప్పుడు, రాఖీకీ పుట్టినరోజులకీ ఎక్కడ అన్నది సమితి ఉత్తర్వులోనే రాయించండి. మీ అమ్మాయి ఉంటున్న అమెరికాలో 2008లో చేసిన చట్టం ప్రకారం, తోబుట్టువుల్ని కలిపి ఉంచలేకపోతే తరచుగా కలుసుకునే ఏర్పాటుకు తగిన ప్రయత్నం చేయాల్సిందే, అది పిల్లల క్షేమానికి విరుద్ధమైతే తప్ప. మన దగ్గర అడిగి రాయించుకోవాలి. సమితి ఫోస్టర్ కేర్ ఉత్తర్వు సరిగా లేదనిపిస్తే ముప్పై రోజుల్లో జిల్లా కలెక్టరు దగ్గర అప్పీలు చేసుకోవచ్చు, 101వ సెక్షన్‌లో ఉంది.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో హైస్కూలు టీచర్ని. మా బడిలో ఆరో తరగతి పిల్లాడు, అన్నతో కలిసి నాయనమ్మ దగ్గర ఉంటున్నాడు. పదిహేనేళ్ల ఆ అన్న వీణ్ణి విపరీతంగా కొడతాడు. చేతి మీద కాలిన మచ్చలు చూశాను. తోబుట్టువుల్ని విడదీయకూడదంటారు కదా, చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నాను. — ఒక టీచరు

జవాబు: చెప్పండి మాస్టారూ, ఈ పత్రిక చేతికి వచ్చేదాకా ఆగకుండా చెప్పి ఉంటారనే ఆశిస్తున్నాను. కలిపి ఉంచడం వాళ్ల మేలుకు విరుద్ధమైతే తప్ప అని చట్టం రాసింది ఇలాంటి పిల్లాడి కోసమే. కాలిన మచ్చలు అన్నదమ్ముల పోట్లాట కాదు. పోట్లాడుకునే పిల్లలు సాయంత్రం గంట కొట్టగానే కలిసి పరిగెడతారు. భయపడే పిల్లాడు సంచీ సర్దడానికి అరగంట తీసుకుంటాడు. మీరు గమనించే ఉంటారు.

1098కి ఫోన్ చేయండి, మచ్చలు చూసిన తేదీలు రాసి పెట్టుకోండి. నాయనమ్మకు ముందుగా కబురు పెట్టి పిల్లాడి చేత ఆమె ఎదుట చెప్పించొద్దు. ఆ పదిహేనేళ్లవాడూ బిడ్డేనని వచ్చే అధికారులకు గుర్తు చేయండి. అలా కొట్టడం వాడు ఎక్కడో దెబ్బలు తిని నేర్చుకుని ఉంటాడు, వాడికీ కౌన్సెలింగ్ కావాలి. ఇద్దరూ మళ్లీ కలవడం అన్నది తమ్ముడు ఒప్పుకున్నప్పుడు, పెద్దవాళ్లెవరో దగ్గరుండగా.

ప్రశ్న: మేడమ్, నేను గుంటూరులో ఒక ఆసుపత్రిలో నర్సుని. ఏడేళ్లప్పుడు నన్ను ఆడపిల్లల హోంలో చేర్చారు. మూడేళ్ల తమ్ముణ్ణి వేరే చోటికి తీసుకెళ్లారు. ఆ తర్వాత వాణ్ణి చూడలేదు. ఇప్పుడు వాడికి ఇరవై నిండి ఉంటాయి. ఎలా వెతకాలి? — ఒక అక్క

జవాబు: తల్లీ, మీ ఉత్తరం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వెతకండి. ఆశ ఉంది, అయితే దారి వాడు ఎక్కడికి వెళ్లాడన్నదాన్ని బట్టి రెండుగా చీలుతుంది.

మిమ్మల్ని చేర్చుకున్న జిల్లా డీసీపీయూకి, బాలల సంక్షేమ సమితికి, మీరు పెరిగిన హోంకి ఒకే దరఖాస్తు మూడు కాపీలు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. అందులో మీ పేరు, అమ్మానాన్నల పేర్లు, హోంలో చేరిన సంవత్సరం, తమ్ముణ్ణి ఇంట్లో ఏమని పిలిచేవారో, ఒంటి మీద పుట్టుమచ్చలు, మిమ్మల్ని తీసుకొచ్చింది పోలీసులా బంధువులా, అన్నీ రాయండి. ఇద్దర్నీ ఒకే రోజు తెచ్చి ఉంటే మీ ఫైల్లోనే వాడి ప్రస్తావన ఉండొచ్చు. ముందు మీ సొంత ఫైలు చూపించమనండి.

వాడు హోంలలోనే పెరిగి ఉంటే, పద్దెనిమిది దాటాక ఇరవై ఒకటి దాకా ఆఫ్టర్ కేర్ కింద సాయం పొందే వీలుంటుంది, ఆ రికార్డుల్లో చిరునామా దొరకొచ్చు. అధికారులు నేరుగా మీకు చిరునామా ఇవ్వరు, వాడిని అడిగి ఒప్పుకుంటేనే కలుపుతారు. ఇది మీకు కష్టంగా తోచినా సరైనదే. వాడు మూడేళ్లవాడు అప్పుడు. అక్క ఉందని కూడా ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

దత్తత వెళ్లి ఉంటే మాత్రం పుట్టింటివాళ్లను వెతికే హక్కు వాడిది, మీది కాదు. 2022 దత్తత నిబంధనల్లో దీనికి ప్రత్యేక ఏర్పాటుంది, పద్దెనిమిది నిండినవాళ్లు తామే అడగొచ్చు. మీరు చేయగలిగింది, వాడి పేరున ఒక ఉత్తరం రాసి ఫైల్లో పెట్టమని కోరడం. పొడుగ్గా రాయొద్దు. మీరెవరు, ఎక్కడున్నారు, వాణ్ణి మీరు వదిలేయలేదు, పెద్దవాళ్లు విడదీశారు అన్న నాలుగు సంగతులు చాలు. అమ్మ ఫొటో ఉంటే నకలు జత చేయండి. ఫేస్‌బుక్‌లో చిన్నప్పటి ఫొటో పెట్టి వెతకమని స్నేహితులు అంటారు, వద్దు. పెంచినవాళ్లు చెప్పని సంగతి వాడికి పదిమంది ముందు తెలియకూడదు.

దరఖాస్తు ఇచ్చి ఊరుకోకుండా మూడు నెలలకోసారి వెళ్లి అడగండి. మీ నైట్ డ్యూటీలు నాకు తెలుసు, వెళ్లలేకపోతే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఇల్లు మారినా ఫోన్ నంబరు మారినా ఆ మూడు చోట్లా కొత్తది రాసిచ్చి రండి.